గురి లేని గవ్వలు

ఎమ్మిగనూరు కాశప్పకు గవ్వలు వేయడం రాదు. అరవై రెండేళ్ల మనిషి, అష్టాచెమ్మా తప్ప మరో ధ్యాస లేని మనిషి, జేబులో నాలుగు గవ్వలూ ఒక సుద్దముక్కా లేకుండా గడప దాటని మనిషి. అయినా విసిరాడంటే ఒక్క గవ్వా గీసిన గడుల దగ్గర ఆగదు. ఒకటి తూర్పుకు, ఒకటి పడమరకు, మిగిలిన రెండూ ఎవరి కాళ్ల కిందికో పోతాయి. "యాడికి పోయినాయప్పా నా గవ్వలు?" అని ఆయన దిగాలుగా అడిగితే, చుట్టూ ఉన్న పెద్దమనుషులు పంచెలు ఎగగట్టి వెతకాల్సిందే.

ఒకసారి ఆదోని బస్సులో సీటు మీద గడులు గీసి, పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని ఆయనతో ఆట మొదలుపెట్టాడు. మొదటి పందేనికే గవ్వలు సీట్ల కిందికి దొర్లాయి. బస్సు బస్సంతా వంగింది. "టికెట్ అడిగితే తల ఎత్తరు, గవ్వలకైతే బోర్లా పడతాండారే!" అని కండక్టర్ కసిరాడు. కసురుతూనే డ్రైవర్ వెనక దొరికిన మూడో గవ్వను తెచ్చి, తనకూ ఒక పందెం కావాలన్నాడు.

ఈ ముచ్చట్లకు ఎమ్మిగనూరంతా నవ్వేది. ఆదోనిలో ఉన్న చెల్లెలు మల్లేశ్వరికి మాత్రం ఈ మధ్య నవ్వు రావడం లేదు. మూడు నెలల కిందట జిన్నింగ్ మిల్లులో పత్తి బేలు జారి ఆమె మొగుడు తిరుపాల్ కాలి మీద పడింది. ఎముక అతుక్కుంది, కట్టు కూడా విప్పేశారు. ఇక వంగాలి, లేవాలి, నడవాలి, లేకుంటే మోకాలు బిగుసుకుపోతుందని డాక్టరు పదిసార్లు చెప్పాడు. తిరుపాల్ మంచం దిగలేదు. గోడవైపు తిరిగి పడుకునేవాడు. "నేనింక దేనికీ పనికిరానే" అని ఒకనాడు అన్నాడు. ఆ మాట ఆమె గుండెలో ముల్లులా దిగింది.

ఆమె కూడా మిల్లుకు పోకుంటే ఇల్లు గడవదు. మనిషి మిల్లులో పత్తి ఏరుతున్నా మనసు ఆ మంచం చుట్టూనే తిరిగేది. మధ్యాహ్నం సద్ది విప్పే ముందు ఫోన్ చేసేది. నాలుగుసార్లు మోగినా ఎత్తకపోతే సద్ది విప్పకుండా మళ్లీ చేసేది. ఇక తాళలేక, "పగటిపూట తోడుండన్నా" అని కాశప్పను బతిమాలింది. మరునాడే మొదటి బస్సుకు వచ్చినాడు, సుద్దముక్కతో సహా.

"నాలుగడుగులు ఏపించన్నా అంటే ఆటలా?" అని ఆమె నెత్తి కొట్టుకుంది. "మీ ఇద్దరికీ కలిపి నూటపది యేండ్లు!"

"నడవమంటే నడిసే మనిషేనా మీ ఆయన? ఆడుకోనీలే మ్మే."

"కనీసం గవ్వలన్నా మంచం కాడ పడేట్టు ఏయి."

"నా సెయ్యే అంత మల్లీ. పుట్టుకతోనే వంకర."

అలా రెండు వారాలు గడిచాయి. సాయంత్రం ఆమె వచ్చేసరికి తిరుపాల్ అలసిపోయి మంచం మీద నిద్రపోతుండేవాడు. ఆ నిద్ర చూస్తే ఆమెకు ఇంకా భయం వేసేది.

ఒకనాటి మధ్యాహ్నం ఫోన్ చేస్తే ఎవరో ఎత్తారు, పలకలేదు. దూరంగా కాశప్ప గొంతు మాత్రం వినబడింది. "సచ్చినావ్ బావా! సచ్చినావ్!" తర్వాత ఏదో దబ్బున పడిన చప్పుడు. "అటు పోవద్దు బావా, కాలవుంది!" అంతే, ఫోన్ కట్టయింది.

అష్టాచెమ్మాలో చంపడం, చావడం మల్లేశ్వరికి తెలియనివి కావు. చిన్నప్పుడు ఈ అన్న చేతిలోనే రోజుకు పదిసార్లు చచ్చింది. కానీ మూడు నెలలుగా దేనికి భయపడుతోందో ఆ మాటే చెవిలో పడ్డాక ఆటలు ఎవరికి గుర్తుంటాయి? తలనిండా దూదితో రోడ్డు మీదికి పరుగెత్తి ఆటో ఎక్కింది.

"బిన్నా పోనీప్పా!"

"ఏమైందక్కా?"

"మా ఇంటాయన..." అంది. డ్రైవర్ హారన్ మీద నుంచి చెయ్యి తీయకుండా తెచ్చి ఇంటి ముందర దింపినాడు.

మంచం ఖాళీగా ఉంది. పక్కన పీట తిరగబడి, ఫోన్ నేల మీద పడి ఉంది. "అన్నా!" అని అరిచింది.

"ఈడుండాం, సందులో!" అని కాశప్ప గొంతు పలికింది.

పోయి చూస్తే, ఎదురింటి లక్ష్మక్క అరుగు దగ్గర తిరుపాల్! ఒక చెయ్యి గోడకు ఆనించి, మోకాలు వంచి, కర్రతో కాలవ గట్టును కెలుకుతున్నాడు. పక్కనే లక్ష్మక్క చీపురుతో వెతుకుతోంది.

"మూడు దొరికినాయి, ఇంగొకటి ల్యాదు," అని తిరుపాల్ మండిపడ్డాడు. "నా కాయను సంపినందుకు మీ అన్నకు ఇంగో పందెం వచ్చె. సంబరంగా ఈదిలోకి ఏసినాడు. ఆయన గురి తగలెయ్య!"

మల్లేశ్వరికి నవ్వు రావాలో ఏడుపు రావాలో తెలియక రెండూ వచ్చాయి. ఆటో డ్రైవర్ అప్పటికే మోకాళ్ల మీద కూర్చుని వెతకడం మొదలుపెట్టాడు.

కళ్లు తుడుచుకుని ఇంట్లోకి వచ్చింది. ఈలోపే లోపలికి వచ్చిన కాశప్ప, దొరికిన మూడు గవ్వలూ పట్టుకుని గడుల ముందు ఒంటరిగా కూర్చున్నాడు. ఆమెను చూడలేదు. ఊరికే ఒక గవ్వ విసిరాడు. సరిగ్గా నడిమి గడిలో పడింది. రెండోది దాని పక్కనే. మూడోది వాటి మధ్యలో. అప్పుడు తట్టింది మల్లేశ్వరికి.

"నలభై యేండ్లు మగ్గంలో గురి తప్పకుండా నాడె ఇసిరిన సెయ్యి. పుట్టుకతోనే వంకరంట, వంకర!"

కాశప్ప ఉలిక్కిపడి నోటి మీద వేలు పెట్టుకున్నాడు. "అరవాకే! మొదట మంచం కింద ఏసినా, దిగినాడు. వారానికి రోలు కాడ ఏసినా, పాక్కుంటా పోయినాడు. ఈ పొద్దు ఈది. డాక్టరు మాటకు వంగని మోకాలు గవ్వకు వంగె. బావకు సెప్పొద్దు."

"మరి బస్సులో ఎవురి కాలు ఇరిగిందని ఏసినావు?"

"ఎవురి కాలూ ల్యాదు. అందరూ సెల్లు సూసుకుంటా కూసుంటారు. కిందికి వంగితేనన్నా ఒగరి మొగం ఒగరు సూస్తారని."

సాయంత్రం అన్న బస్సెక్కాక, సంగటి పెడుతూ మల్లేశ్వరి నోరు ఆపుకోలేకపోయింది. "మా అన్న గురి..."

"తప్పదు. రెండోనాడే తెలిసె," అన్నాడు తిరుపాల్. "నువ్వు మల్ల ఆయనకు సెప్పేవు! నాకోసం ఇంత దూరం వచ్చి ఇసురుతాండాడు, పోయి తేకుంటే పాపం సిన్నబోతాడు."

మరునాడు మధ్యాహ్నం ఫోన్ ఎవరూ ఎత్తలేదు. వీధిలో ఉంటారులే అనుకుని మల్లేశ్వరి సద్ది విప్పింది. ముద్ద కలిపాక మనసు ఊరుకోక మళ్లీ చేసింది. ఈసారి లక్ష్మక్క ఎత్తింది.

"ఈదంతా ఎతుకుతాండాం మల్లీ, మల్ల సెయ్యి!" అని పెట్టేసింది.