ఇంగ్లీషులో అందరూ మంచివాళ్లే

ప్రణీతకు ఇంగ్లీషు చదవడం వచ్చు, రాయడమే రాదు. రావల్కోల్‌లో తెలుగు మీడియం, మేడ్చల్‌లో డిగ్రీ. శామీర్‌పేట అవతల ఒక మందుల కంపెనీలో శాంపిళ్లు పరీక్షించే పని ఏళ్ల తరబడి తప్పు లేకుండా చేస్తోంది. కానీ పనిలో ఏదైనా తేడా వస్తే, అదెలా జరిగిందో ఇంగ్లీషులో రాసివ్వాలి. ఆమె రాసిన రిపోర్టు ప్రతిసారీ వెనక్కి వచ్చేది. తన తర్వాత చేరినవాళ్లు పైకి వెళ్లిపోయారు. పై అధికారి ఫణిభూషణ్, రోజూ ఇంగ్లీషులో డైరీ రాయండమ్మా, అదే అలవాటవుతుంది అన్నాడు.

రాయడానికి కూర్చుంటే ఒళ్లు మండేది. లేచాను, తిన్నాను, బస్సెక్కాను. మర్నాడూ అంతే. ఒక పొద్దున పప్పులో ఉప్పెక్కువైందని అత్త సత్యమ్మ గంటసేపు సాధించింది. సాధించడాన్ని ఇంగ్లీషులో ఏమంటారో ఫోన్‌లో వెతికితే 'ఎచీవ్' అని వచ్చింది. విసుగెత్తి, 'మై మదర్ ఇన్ లా ఈజ్ గుడ్' అని రాసి మూసేసింది. తప్పుల్లేకుండా రాయగలిగినవి మంచి మాటలే. అందుకని ఆ డైరీలో అత్త మంచిది, భర్త నిఖిల్ మంచివాడు, బస్సు డ్రైవరూ మంచివాడే.

కోడలు తన మీదే ఏదో రాస్తోందని సత్యమ్మకు అనుమానం. ప్రణీత డ్యూటీకి వెళ్లిన పూట, గుంటూరు నుంచి వచ్చి పక్కింట్లో ఉంటున్న హరిచందనను పిలిచి డైరీ చదివించుకుంది. మీరు మంచివారనే రాసిందండీ, రోజూ అదే రాసింది, అని చెప్పి హరిచందన నవ్వు ఆపుకుంటూ వెళ్లిపోయింది. దాంతో సత్యమ్మకు ఇంకా కోపం వచ్చింది. సాయంత్రం కోడలు గడప దాటగానే నిలదీసింది.

"మొన్న పొద్దుగాల నిన్ను అన్ని మాటలంటి. నువ్వేమో మంచిదని రాసినవ్. నన్ను ఎక్కిరిస్తున్నవా?"

"ఎక్కిరిస్తలేను అత్తమ్మా. నిన్ను తిట్టేటంత ఇంగ్లీషు నాకు రాదు."

సత్యమ్మ డైరీ తెచ్చి కోడలి చేతిలో పెట్టింది. "మరి నేర్సుకో," అని లోపలికి పోయింది.

ప్రణీత భుజాన బ్యాగు కూడా దించకుండా కూర్చుని రాసింది. అడక్కుండా తన పుస్తకం తీశారని, పక్కింటామె ముందు పరువు పోయిందని, ఎవరేమన్నారో, తానేమందో, జరిగింది జరిగినట్టు. తప్పులు చూసుకోలేదు. 'సాధించింది'కి మాట దొరక్కపోతే, అదే మాట మళ్లీ మళ్లీ అంది అని రాసింది. చూసేసరికి పేజీ నిండి రెండో పేజీలో పడింది.

ఆ వారమే కంపెనీలో శాంపిళ్లు దాచే చల్లగది తలుపు సరిగా పడక కొన్ని పాడయ్యాయి. ఎవరు తెరిచారు, తాను ఎప్పుడు చూసింది, చూశాక ఏం చేసింది, చిన్న చిన్న వాక్యాల్లో రాసిచ్చింది. ఫణిభూషణ్ రెండు చోట్ల దిద్ది సంతకం పెట్టాడు. ఆమెకు సంతోషం కంటే చిరాకే ఎక్కువ కలిగింది. ఇంతకాలం తనను ఆపింది ఇంతేనా అనిపించింది.

వేసవి దాటాక ఆమెకూ ప్రమోషన్ వచ్చింది. ఇప్పుడు కొత్తవాళ్ల రిపోర్టులన్నీ ఆమె బల్ల మీదికే వస్తాయి. పెద్ద పెద్ద మాటలుంటాయి, ఏం జరిగిందో మాత్రం ఉండదు. తలపట్టుకుని, రాసినవాళ్లను పిలిచి కుర్చీ చూపిస్తుంది.

"ముందుగాల ఏమైందో తెలుగుల చెప్పు," అంటుంది.