ఎదురింటి అక్క ముసుగు

నా చిన్నప్పుడు తెనాలిలో మా వీధి మొత్తం మీద తల కప్పుకోకుండా ఎవరికీ కనపడని ఆడవాళ్ళు ఇద్దరే ఉండేవారు. ఒకరు మా బామ్మ, ఇంకొకరు ఎదురింటి అక్క. బామ్మకి అరవై దాటాయి. తెల్లపంచె చెంగు నుదుటి దాకా లాక్కుని చెవుల వెనక బిగించుకునేది. అక్కకి పంతొమ్మిదో ఇరవయ్యో. తెల్లగుడ్డ తల చుట్టూ తిప్పి గడ్డం కింద పిన్ను పెట్టుకునేది. ఇప్పుడు దాన్ని హిజాబ్ అంటున్నారు గాని అప్పట్లో మాకు ఆ మాట తెలీదు. రెండింటినీ ముసుగనే అనేవాళ్ళం.

అక్క వాళ్ళు ముస్లింలు. తల్లిదండ్రులు లేరు. అన్నయ్య రైసుమిల్లులో ఫిట్టరు, చెల్లెలు నాకంటే మూడేళ్ళు పెద్ద. అక్క రోజూ పొద్దున్నే రైలెక్కి బాపట్ల వెళ్ళి టీచర్ ట్రైనింగు చదువుకుని సాయంత్రానికి వచ్చేది. వచ్చి, కాళ్ళు కడుక్కుని, మా వరండాలో కూర్చుని నాకు లెక్కలు చెప్పేది. వారపత్రిక వచ్చిన రోజున బామ్మకి సీరియల్ చదివి పెట్టేది. బామ్మకి చూపు ఆనేది కాదు. మడి మనిషి కాబట్టి గడప లోపల పీట వేసుకుని కూర్చునేది, అక్క గడప బయట. ఇద్దరి మధ్యా ఆ గడప ఉన్నా, కథలో ఎవరికైనా కష్టమొస్తే ఇద్దరూ ఒకేసారి ముక్కు చీదుకునేవాళ్ళు.

మా బాబాయి హైస్కూల్లో తెలుగు మాస్టారు. బాగా చదువుకున్నవాడు, మంచివాడు. సభల్లో ఆడవాళ్ళ స్వాతంత్ర్యం గురించి మాట్లాడేవాడు. సాయంత్రాలు స్నేహితులతో అరుగు మీద కూర్చుని అవే మాటలు. ఎదురింటి అక్క వీధి మలుపు తిరిగి వస్తుంటే, "అంత తెలివైన పిల్ల! ఆ గుడ్డ తీసి అవతల పారేసిన రోజున గాని దానికి స్వతంత్రం రాదు" అనేవాడు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. బాబాయి ఏం చెప్తే అది నాకు వేదం. అక్కంటే ప్రాణం కూడాను. ఆ రెండూ కలిసి నాచేత ఆ పని చేయించాయి.

ఆ రోజు అక్క స్టేషన్ నుంచి వస్తోంది. చేతిలో పుస్తకాలు, భుజాన గుడ్డసంచీ. అరుగు నిండా బాబాయి స్నేహితులున్నారు. నేను వెనకనుంచి పరిగెత్తుకెళ్ళి, "అక్కా, నీకు స్వతంత్రం వచ్చేసింది!" అని అరిచి ముసుగు పట్టుకుని లాగాను. పిన్ను ఊడి గడ్డం కింద గీసుకుంది. గుడ్డ నా చేతికొచ్చింది. జడ విడిపోయి వీపంతా జుట్టు. అరుగు మీద ఎవరో చప్పట్లు కొట్టారు. బాబాయి "శభాష్!" అన్నాడు.

అక్క నన్ను కొట్టలేదు, తిట్టలేదు. పుస్తకాలు కింద పడేసి, రెండు చేతులతో తల కప్పుకుని నడివీధిలో గొంతుకూర్చుంది. ఎంత చిన్నగా ముడుచుకుందంటే, నాకు అది అక్కలా కనపడలేదు. గుడ్డ చేతిలో పెట్టుకుని అలాగే నిలబడిపోయాను. తిరిగి ఇవ్వాలని కూడా తోచలేదు.

అప్పుడు బామ్మ వచ్చింది. పగటిపూట వీధిలోకి అడుగుపెట్టగా నేనెన్నడూ చూడని మనిషి, చెప్పులైనా లేకుండా గబగబా మెట్లు దిగి వచ్చింది. అక్క పక్కనే కూలబడి, తన చెంగు లాగి ఆ పిల్ల తల మీద కప్పింది. ఒక్క చెంగు ఇద్దరికీ చాలదు కదా. బామ్మ తల బయటపడింది. అప్పటిదాకా ఆ ముసుగు కింద ఏముందో నేను చూసి ఎరగను. నున్నగా గొరిగిన తల, దాని మీద ఉప్పు చల్లినట్టు నెరిసిన మొలకలు, చెవి పైన ఎప్పటిదో కత్తిగాటు. అరుగు మీద వాళ్ళందరూ లేచి నిలబడ్డారు. ఒకాయన మొహం తిప్పుకున్నాడు. బాబాయి మాత్రం దారి తప్పిన వాడిలా చూస్తూ ఉండిపోయాడు.

బామ్మ అక్కని పొదివి పట్టుకుని మా ఇంట్లోకి తీసుకొచ్చింది. మడీ, గడపా ఏవీ చూసుకోలేదు. లోపల చాప మీద కూర్చోబెట్టి గడ్డం కింద నెత్తురు తుడిచింది. నా చేతిలో గుడ్డ తీసుకుని తనే కప్పింది. అప్పుడు నా వైపు తిరిగింది.

"దాన్ని ఒక్కమాట అడిగావుటే?"

నేను ఏడుపు మొదలెట్టాను. అక్క మంచి కోసమే చేశానన్నాను.

"నాకూ మంచి కోసమే చేశారు. మీ తాతయ్య పోయిన పదోనాడు, మీ బాబాయిని నా ఒళ్ళోంచి తీసి పక్కన పడుకోబెట్టి, నలుగురు నన్ను పట్టుకున్నారు. వద్దని మొత్తుకున్నాను. ఒక్కరూ అడగలేదు. ఇవాళ నువ్వూ అడగలేదు."

గుమ్మంలో నిలబడ్డ బాబాయి, "అదీ ఇదీ ఒకటెలా అవుతుందమ్మా? ఆ పిల్లకీ ఎవరో కప్పుకోమంటేనే కదా కప్పుకుంటోంది" అన్నాడు. వాదించే గొంతు కాదది.

"అయితే దాన్నే అడుగు. ఊళ్ళో ఆడవాళ్ళందరి ముసుగుల గురించీ మాట్లాడతావు కదరా. నలభై ఏళ్ళుగా నీ ఇంట్లో ఈ తలకాయ ఉంది. నన్నెప్పుడైనా అడిగావా?"

అక్కే జవాబు చెప్పింది, నేల చూస్తూ, మెల్లగా. "మొదట్లో మా అమ్మ కట్టింది మాస్టారూ. ఇప్పుడు నేనే కట్టుకుంటున్నాను. నా ప్రార్థన ఎలా నాదో, ఇదీ అలాగే నాది. మా చెల్లికి మాత్రం ఇష్టం లేదండి. దానికి కట్టొద్దని మా అన్నయ్యతో నెల్లాళ్ళుగా నేనే పోట్లాడుతున్నాను. దాని ఇష్టం దానిదని."

ఆ మాట అప్పుడు నాకు సగమే అర్థమైంది. తన ముసుగు కోసం ఒకరితో, చెల్లెలికి ముసుగు వద్దని ఇంకొకరితో పోట్లాడటం ఒకటే పోరాటమని తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

మర్నాడు పొద్దున అక్క రైలుకి వెళ్ళలేదు. వీధిలో జరిగింది వాళ్ళ అన్నయ్య చెవిన పడింది. రెండో రోజూ వెళ్ళలేదు. మూడో రోజు బామ్మ నా చెయ్యి పట్టుకుని ఎదురింటికి నడిచింది. ఆ అన్నయ్య చెడ్డవాడు కాదు. కుర్చీ వేసి, తను నిలబడే మాట్లాడాడు. ఆర్నెల్లలో ట్రైనింగు అయిపోతుంది, పిల్ల బతుకు పాడు చెయ్యొద్దు అని బామ్మ బతిమాలింది. ఆయన నా వైపు ఒకసారి చూశాడు.

"చిన్నపిల్ల చేసిందనుకోండి బామ్మ గారూ. చప్పట్లు కొట్టింది పెద్దవాళ్ళే కదండీ. రేపు స్టేషన్లో ఇంకెవడో లాగుతాడు. అప్పుడు నేనేం చెయ్యనండీ?"

బామ్మ నా చెయ్యి పట్టుకుని వెనక్కి వచ్చేసింది. బాబాయి కూడా వెళ్ళి క్షమాపణ అడిగాడు, కావాలంటే రోజూ తనే స్టేషన్ దాకా తోడు వెళ్తానన్నాడు. ఆ అన్నయ్య నమస్కారం పెట్టి తలుపు వేసుకున్నాడు. నెల తిరక్కుండా చెల్లెలికీ తెల్లగుడ్డ వచ్చింది. ఆ పిల్ల వీధిలోకి వచ్చేటప్పుడు దాన్ని అస్తమానం ముందుకి లాక్కుంటూ, నేలకేసి చూస్తూ నడిచేది. అక్క కష్టపడి ఆపుతున్న చోట నేను దారి చేసిపెట్టాను.

అక్క మళ్ళీ మా వరండాలోకి రాలేదు. సీరియల్ మధ్యలో ఆగిపోయింది. బాబాయి చదివి పెడతానంటే బామ్మ వద్దంది. వేసవిలో అక్కకి రేపల్లె సంబంధం కుదిరి వెళ్ళిపోయింది. ఆ తర్వాత బాబాయి సభల్లో మాట్లాడటం తగ్గించాడు. ఒకనాడు బామ్మ ఎదురుగా కూర్చుని, "జుట్టు పెంచుకుంటావా అమ్మా?" అని అడిగాడు. బామ్మ చెంగు నుదుటి దాకా లాక్కుని, "ఇప్పుడెందుకులేరా. అడిగావు, అది చాలు" అంది. తర్వాత రెండేళ్ళకు పోయింది.

నాకు బాపట్లలో లెక్చరర్ ఉద్యోగం వచ్చాక ధైర్యం చేసి రేపల్లె వెళ్ళి అక్కని వెతికి పట్టుకున్నాను. నలుగురు పిల్లలు, బక్కచిక్కిన మనిషి. గుర్తుపట్టి లోపలికి పిలిచింది, టీ ఇచ్చింది, బామ్మ పోయిందని విని కళ్ళు ఒత్తుకుంది. నేను క్షమించమన్నాను.

"చిన్నపిల్ల, దానికేం తెలుసని అప్పుడే అందరికీ చెప్పానమ్మా. నాకు నేను చెప్పుకోడానికే చాలా కాలం పట్టింది" అంది. "టీచరువయ్యావన్నమాట. మంచిది" అని కిటికీలోంచి బయటికి చూసింది. మళ్ళీ వెళ్ళడానికి నాకు మొహం చెల్లలేదు.

ఉద్యోగం చేసినన్నాళ్ళూ నా క్లాసుల్లో ముసుగు వేసుకునే పిల్లలు ఉంటూనే ఉన్నారు. ఒక పిల్ల, దాంతో క్లాసుకి రావద్దన్నారని ఏడుస్తూ వచ్చింది. ఆమె తరఫున పైవాళ్ళతో వాదించి గెలిచాను. ఇంకో పిల్ల, నాకిది వద్దు మేడం, మా నాన్నకి చెప్పండి అని వచ్చింది. వెళ్ళి చెప్పాను. ఆ పిల్లని కాలేజీ మాన్పించారు. ఆమె మొహం నన్నింకా నిద్రపోనివ్వదు. రెండుసార్లూ తోటివాళ్ళు నన్ను, మీరు ఏ పక్షమండీ అని అడిగారు.

ఇప్పుడు టీవీల్లో ఈ గొడవ వచ్చినప్పుడల్లా, స్త్రీవాదిగా మీ అభిప్రాయమేంటని ఎవరో ఒకరు ఫోను చేస్తారు. ఆ పిల్లని అడిగారా అంటాను. లేదంటారు. అయితే నన్నెందుకు అడుగుతారని పెట్టేస్తాను. ఆ ఒక్క ప్రశ్న వేయడం నాకు బామ్మ నేర్పింది. వేశాక, నాకు నచ్చని జవాబు వచ్చినా సరే, చేతులు ఒళ్ళో పెట్టుకుని చివరిదాకా వినడం మాత్రం ఇన్నేళ్ళొచ్చినా ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాను.