ఒక్కడైపోయిన అంజయ్యలు

మాది బోరు మోటార్ల వ్యాపారం. హుస్నాబాద్‌లో రెండో షాపు తెరిచాక, ఏ మోటారు ఎక్కడుందో తెలియక నేనూ, బాపు అని నేను పిలిచే నాన్నా ఫోన్లలో అరుచుకోవడం ఎక్కువైంది. రెండు షాపుల సరుకూ బిల్లులూ ఒకేచోట చూపించే ఈఆర్పీ సాఫ్ట్‌వేర్ కొందామని, ఈ రోజు ఒక కంపెనీ మనిషిని కరీంనగర్ షాపుకు పిలిపించాను. హైదరాబాద్ నుంచి టై కట్టుకుని వచ్చాడు. పేరడిగితే ఏజే అన్నాడు.

నమూనాకని మా గిరాకీల పేర్లు కొన్ని ఎక్కించాడు. "ఒకే పేరు మళ్లీ పడితే సాఫ్ట్‌వేరే కలిపేస్తుంది మేడమ్" అని గర్వంగా మీట నొక్కాడు. కొండగట్టు ఆంజనేయుడి గుడికి దగ్గరున్న మాకు ఇంటికో అంజయ్య. అందరూ కలిసి ఒక్కడైపోయారు.

బాపు కళ్లద్దాలు సర్దుకుని చూశాడు. "గిన్ని మోటర్లు ఒక్కడే కొన్నడా? గీ అంజయ్యకు గోదారి రాసిచ్చిండ్రా ఏంది?"

"సెట్టింగ్ మారుస్తాను సర్."

"మారుద్దువు గని, ఏజే అంటే ఏంది బిడ్డా?"

అతని హైదరాబాద్ భాష అక్కడే జారిపోయింది. "ఆంజనేయులు సార్. మాది జగిత్యాల దిక్కు. ఇంట్ల అంజయ్య అంటరు."

"అయితే జర పైలం. మీట నొక్కితే నువ్వు గూడ గా అంజయ్యలల్లనే కలుస్తవ్!"

ఊరి పేరు కూడా చూసి కలిపేలా మార్చి తెస్తానని, ఛాయ్ తాగి వెళ్లాడు. కొంటామో లేదో ఇంకా తేలలేదు.

మీ ఫోన్లో ఎందరు అంజయ్యలున్నారు? నా ఫోన్లో బోరు అంజయ్య, బుల్లెట్ అంజయ్య ఉండేవారు. ఈ సాయంత్రం నుంచి సాఫ్ట్‌వేర్ అంజయ్య కూడా ఉన్నాడు.