ఆసిఫాబాద్‌లో అర్ధగంట పాఠం

జమ్మికుంట స్టేషన్లో పొద్దున ఆరుంబావుకు ఆసిఫాబాద్ రోడ్డుకు టికెట్ తీసుకున్న. కాగజ్‌నగర్ దిక్కు పోయే బండి ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. మంగళవారం కాబట్టి కిటికీ పక్క సీటు దొరికింది. ఆ దిక్కు పోయేవాళ్ళకు ముందే ఒక మాట చెప్పాలె. ఆసిఫాబాద్ రోడ్డు స్టేషన్ వేరు, ఆసిఫాబాద్ ఊరు వేరు. బండి దిగినంక ఆటోల ముప్పావుగంట పోవాలె. ఇది తెలియక టైముకు చేరనోళ్ళు చాలామంది ఉన్నరట.

నేను పోయింది ఉద్యోగం కోసం. పదకొండేండ్లు ఇంగ్లిష్ చెప్పిన ప్రైవేటు బడి ఎండకాలం సెలవులైనంక మళ్ళ తెరువలే. మా ఆయన పవర్‌లూమ్ మీద పనిచేస్తడు. నూలు వచ్చిన వారం పని ఉంటది, రాని వారం ఉండదు. ఆసిఫాబాద్‌లోని ఒక ప్రైవేటు కాలేజీ వాళ్ళు మూడు వారాల కింద ఫోన్ చేసిన్రు. ఇంటర్ పిల్లలకు ఒక పాత ఇంగ్లిష్ నవల పెట్టిన్రట, అందుల నుంచి అర్ధగంట పాఠం చెప్పి చూపించాలెనట.

ఆ నవల పేరు విన్న గాని చదువలే. జనం ఏం చదవాలె, ఏం ఆలోచించాలె అనేది పాలకులే తేల్చే దేశం కథ అది. మొదటి పేజీలనే ఇరవై మూడు మాటలు తెల్వలే. ఎం.ఏ. ఇంగ్లిష్ చేసినదాన్ని, సిగ్గనిపించింది. డిక్షనరీ ముందర పెట్టుకొని ఒక్కొక్క మాటకు అర్థం రాసుకుంట పోయిన. పేజీ అయిపోయేసరికి మాటలన్నీ తెలిసినయి, కథ మాత్రం తెల్వలే. అప్పుడు పద్ధతి మార్చిన. ముందు పేరా మొత్తం ఆగకుండ చదివి, తెల్వని మాటకు అర్థం ఏమై ఉంటదో ఊహించుకొని, ఆ తర్వాతనే డిక్షనరీ తీసేది. నోట్‌బుక్కుల అర్థం మా ఇంట్ల మాట్లాడుకునే తెలుగుల రాసుకునేది.

‘కన్‌ఫార్మ్’ అనే మాట దగ్గర మాత్రం మోసపోయిన. దాన్ని ‘కన్‌ఫర్మ్’ అని చదివి, రైలు టికెట్ కన్‌ఫర్మ్ అయినట్టు ఆ దేశంల మనుషులు కూడ కన్‌ఫర్మ్ అవుతరేమో అనుకున్న. ఐదు పేజీలైనంక గాని తెల్వలే, నడుమ ఒక్క అక్షరం వేరే ఉన్నదని. అందరు ఎట్లుంటే అట్లనే ఉండుడు అని దాని అర్థం. ఒక్కదాన్నే కూసొని చానసేపు నవ్వుకున్న.

పెద్దపల్లిల ఏడున్నరకు ఒక పెద్దమనిషి ఎక్కి ఎదురుంగ కూసున్నడు. ముప్పై ఏండ్లు రైస్ మిల్లుల హమాలీ చేసిండట, మంచిర్యాలల బిడ్డ ఇంటికి పోతుండు.

“గంత మనసు వెట్టి సదువుతున్నవ్, ఏం పుస్తకం బిడ్డా?” అన్నడు.

కథ చెప్పిన. పల్లీలు ఒలిచి నా చేతుల పోసుకుంట విన్నడు.

“గా దేశంల పక్కింటోడే పోయి సర్కారుకు చెప్తడా?”

“అవు కాకా. అసొంటోన్ని ఇన్‌ఫార్మర్ అంటరు.”

“మా మిల్లుల చాడీలు మోసేటోడు అనేటోల్లం. వాడున్నప్పుడు సేఠు మీద ఎవడన్న జోకేస్తే నవ్వు ఆపుకోలేక సచ్చేటోల్లం.”

డిక్షనరీల ఉన్నదానికంటె ఆ మాట బాగుంది. ఆయన చూస్తుండంగనే నోట్‌బుక్కుల రాసుకున్న. మంచిర్యాలల దిగుతూ, “మంచిగ చెప్పు బిడ్డా, పరేషాన్ గాకు” అన్నడు.

తొమ్మిదిన్నర దాటినంక ఆసిఫాబాద్ రోడ్డుల దిగిన. పది మంది నిండేదాక ఆటో కదల్లే. ఊళ్ళె బస్టాండు పక్క హోటల్ల పోహా తిని చాయ్ తాగి, పదకొండుకు కాలేజీకి చేరిన.

కరస్పాండెంట్ సారు తెల్ల చొక్కా మనిషి, మర్యాదగనే మాట్లాడిండు. నన్ను క్లాసుకు తీస్కపోయి వెనుక బెంచిల కూసున్నడు. ముప్పై మంది దాక పిల్లలున్నరు. అందరి ముందర గైడే ఉన్నది, నవల ఒక్కరి దగ్గర లేదు. బోర్డు మీద ‘కన్‌ఫార్మ్’ అని రాసి అర్థం అడిగిన. అందరు గైడులల్ల వెతికిన్రు. నేను రైలు టికెట్ అనుకున్న సంగతి చెప్పిన. పిల్లలు పక్కున నవ్విన్రు. అర్థం తెలుగుల చెప్పి, మీ బతుకుల నుంచి ఒకటి చెప్పున్రి అన్న.

మూడో బెంచిల ఒక పిల్ల లేచింది. పేరు సోంబాయి.

“హాస్టల్ల అందరం ఒక్కతీరుగ రెండు జడలేసుకోవాలె మేడం. గట్లనా?”

“గట్లనే” అన్న. ఇగ చేతులు మీదికి మీదికి లేచినయి. ఒకరు యూనిఫాం అన్నరు, ఒకరు లైనుల నిలబడుడు అన్నరు. తర్వాత నవల కథ కొంత చెప్పిన. నవలల మనిషి పుస్తకం తెరిచేముందు తలుపు ఎందుకు మూసిండని అడిగిన.

సోంబాయే మళ్ళ లేచింది. “సదివేటప్పుడు మొఖం మారుతది మేడం. ఎవలన్న సూస్తే తెలుస్తది.”

పదకొండేండ్లల నా క్లాసుల అంత మంచి జవాబు వినలే. “కరెక్ట్, రాసుకో” అన్న. ఆ పిల్ల గైడు అంచు మీద పెన్సిల్‌తోని రాసుకున్నది.

అప్పుడే కరస్పాండెంట్ సారు లేచి నన్ను బయటికి పిలిచిండు.

“మేడం, మీకు చెప్పుడు వస్తది. కాని మాది ఇంగ్లిష్ మీడియం. క్లాసుల తెలుగు వినపడొద్దు. పరీక్షల ఆరు ప్రశ్నలే వస్తయి, గైడుల జవాబులున్నయి. అవి బట్టీ పట్టియ్యాలె. పట్టిస్తరా?”

“పిల్లలకు అర్థమైతుంది గద సార్” అన్న.

“అర్థమైతే మార్కులు వస్తయా? మీ తర్వాత ఇంక ఇద్దరు కూసున్నరు” అన్నడు. వరండాల ఇద్దరు ఫైళ్ళు పట్టుకొని కూసున్నరు.

“పట్టిస్త సార్” అన్న. ఆ ఇద్దరు విన్నరేమో తెల్వది.

“అయితే మిగిలిన పావుగంట చెప్పి చూపించున్రి.”

మళ్ళ లోపలికి పోయిన. బోర్డు తుడిచి గైడు తెరిచి మొదటి జవాబు చదివిన. పిల్లలు నా వెనుక చదివిన్రు. రెండోసారి చదివినం, మూడోసారి చదివినం. సోంబాయి చెయ్యి లేపింది.

“మేడం, గిందుల ‘భయంతోని మూసిండు’ అనే ఉన్నది. నేను చెప్పింది గూడ కరెక్టే అన్నరు గద?”

వెనుక బెంచిల సారు నా దిక్కే చూస్తుండు.

“గైడుల ఉన్నదే రాయి. మధ్యల మాట్లాడకు” అన్న, ఇంగ్లిష్‌ల.

ఆ పిల్ల కూసున్నది. రబ్బరు తీసి, గైడు అంచు మీద రాసుకున్నది మొత్తం తుడిచింది. తుడిచి, కాయితం మీద పడ్డ పొట్టు ఊదింది. తర్వాత అందరితోని కలిసి నా వెనుక చదివింది.

సోమవారం వచ్చి చేరుమన్నరు.

తిరుగు బండి నాలుగు దాటినంక దొరికింది. సీటు దొరకలే, మంచిర్యాల దాక తలుపు దగ్గర నిలబడ్డ. మా ఆయనకు ఫోన్ చేసి, “వచ్చింది” అన్న.

“నాకు తెలుసు నీకొస్తదని. ఇంగ్లిష్‌ల నిన్ను మించినోళ్ళెవరు?” అన్నడు. నేను బండి చప్పుడుల సరిగ వినపడుతలేదని పెట్టేసిన.

ఆసిఫాబాద్ మంచి ఊరు. మనుషులు దారి అడిగితే అక్కడిదాక తోలిచ్చి వస్తరు. పోహా బాగుంటది, ఆటోకు మాత్రం ఓపిక కావాలె. అక్కడి పిల్లలు తెలివైనోళ్ళు, జర దారి చూపిస్తే ఎంత కష్టమైన పుస్తకమైన అర్థం చేసుకుంటరు. వాళ్ళను అర్థం చేసుకోనియ్యకుండ ఆపేటోళ్ళు ఆ కాలేజీల ఇదివరకే ఉన్నరు. సోమవారం నుంచి నేనొకదాన్ని ఎక్కువైత.