జనం లేస్తే మైకు మామది

ఇరవయ్యేళ్ళ వయసులో నాకు రెండు విషయాల్లో అనుమానమే ఉండేది కాదు. నేను గొప్ప రచయిత్రిని. ఆ సంగతి తెలియకపోవడం లోకం తప్పు. ఇన్నేళ్ళకు మొదటిదాని మీద కాస్త సందేహం వచ్చింది గానీ రెండోదాని మీద ఇంకా రాలేదు. అప్పట్లో కావలిలో డిగ్రీ చదివేదాన్ని. మా ఊరు బోగోలు అవతల సముద్రం ఒడ్డున. ఇంట్లో మగవాళ్ళంతా వేటకు పోయేవాళ్ళే. ఒకరోజు మా ఇంగ్లీషు మేడమ్ క్లాసులో ఒక రికార్డింగు వినిపించారు. బోలెడన్ని వాయిద్యాలు మోగుతుంటే మధ్యలో ఒకాయన తాపీగా అడవి గురించి ఎవరో రాసింది చదువుతున్నాడు. పాట లేదు. ఆయన వాన అంటే వయొలిన్లు వాన కురిపిస్తున్నాయి. నాకు ఒళ్ళు జలదరించింది. తుపాను ముందురోజు మా ఒడ్డు ఎలా ఉంటుందో నేనూ ఒక వ్యాసం రాసుకుని ఉన్నాను (కాలేజీ పత్రికవాళ్ళు ‘ఒడ్డు గురించి ఎవరు చదువుతారమ్మా’ అని తిప్పి పంపారు). చదవకపోతే పోనీ, వినిపిస్తాను అనుకున్నాను.

ఆర్కెస్ట్రా కోసం వెతుక్కోనక్కర్లేదు, మా అమ్మ తమ్ముడే దాని ఓనరు. ఊరంతా ఆయన్ని కీబోర్డు మామ అనేది. మా వైపు ఆర్కెస్ట్రా అంటే ఒక కీబోర్డు, డ్రమ్ముల బదులు కర్రలతో కొట్టే ప్యాడ్స్, తళుకుల కోటు వేసుకున్న గాయకుడు, సినిమా పాటలు. గంగమ్మ జాతరకు ఏటా మా ఊళ్ళో మామ ప్రోగ్రామే. నేను అడిగింది విని ఆయన నా నుదురు పట్టుకుని చూశాడు.

“జరమేం లేదే. పాట లేకుండా చదివితే జనం ఉంటారా మే?”

“ఉంటారు మామా. నువ్వు గాలి సౌండు ఇయ్యి చాలు.”

“ఒక్కడు లేసినా నేను గమ్మనుంటా. జనం లేసినారంటే మాత్రం మైకు నాది. మళ్ళా ఈ జన్మలో నన్ను అడగబాకు.”

ఒప్పుకున్నాను. నా సాహిత్యమంతా ఆ మైకు మీద ఆధారపడి ఉందనే నా నమ్మకం.

జాతర నాటి సాయంత్రం దీపాలు పెట్టే వేళకు, పాటలకు ముందు నన్ను స్టేజీ ఎక్కించారు. ఆకాశం కొంచెం మబ్బుగా ఉంది, అది నా అదృష్టం అనుకున్నాను. మామ కీబోర్డులో గాలి బటన్ నొక్కాడు. ప్యాడ్స్ అతను ఎవరూ అడక్కుండానే ఒక ఉరుము వేశాడు. నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. ‘గాలి ఉత్తరానికి తిరిగింది. పీతలు బొరియలు వదిలి దిబ్బ ఎక్కుతున్నాయి. కొంగలు ఊరి మీదుగా లోపలికి పోతున్నాయి. నీళ్ళు మసి రంగుకు మారాయి.’

నేను మరిచిపోయినదేమిటంటే, మైకు హారన్లు ఊరంతా, సరుగుడు తోపు దాకా కట్టి ఉన్నాయి. మా ఊళ్ళో మైకు పాట పాడకుండా మాట్లాడిందంటే అది కబురే. తుపాను వస్తోందనో, పిల్లాడు తప్పిపోయాడనో చెప్పడానికే తప్ప ఆ మైకులో ఎవరూ వ్యాసం చదివిన పాపాన పోలేదు. ముందు ఇళ్ళ దగ్గరున్నవాళ్ళు పరిగెత్తారు. వాళ్ళను చూసి వెనక కూర్చున్నవాళ్ళు, వాళ్ళను చూసి ముందువరస. నేను తల ఎత్తేసరికి నా ఎదురుగా ఖాళీ ఇసుక, రెండు కుక్కలు, మా అమ్మ. ఊరు ఊరంతా ఒడ్డున బోట్లు పైకి లాగుతోంది.

మామ చెయ్యి చాచాడు. “జనం లేసినారు. మైకు ఇటియ్.”

“ఇసుగొచ్చి లేసినారా మామా? నమ్మి లేసినారు. ఇయ్యను.”

“లేసినారా లేదా?”

“ఇయ్యనంటే ఇయ్యను.”

మేమిద్దరం మైకు చెరో కొసా పట్టుకుని గుంజుకుంటుండగా (అదంతా హారన్లలో వినబడిందట) జనం తిరిగొచ్చారు, మోకాళ్ళ దాకా తడి ఇసుకతో. అందరికన్నా ముందు మా పెద్దకాపు, అంటే ఊరి కట్టుబాట్లు చూసే పెద్దమనిషి.

“గాలి తిరిగిందని నీకెవురు చెప్పినారు మే?”

“ఇప్పటిది కాదు పెదనాయనా. పోయిన తుపానుది. నేనే రాసినా.”

“పోయినదాన్ని ఇప్పుడెందుకు చెప్తుండావు?”

“మర్చిపోతామని.”

నాకు భయంగానే ఉంది. మైకు మాత్రం వదల్లేదు. ఆయన కాసేపు నన్నూ సముద్రాన్నీ మార్చి మార్చి చూసి, ఇసుకలో చతికిలబడ్డాడు. “బోట్లు ఎట్టాగూ లాగినాం. మిగతాది చదువు. ఆ పీతలు యాడికి పోయినాయో చెప్పు.”

ఆయన కూర్చున్నాక ఇంకెవరు నిలబడతారు. చివరి వాక్యం దాకా చదివాను. మామ మొహం మాడ్చుకునే ఉన్నా, చివర్లో అల వెనక్కి పోయే చోట సన్నగా ఏదో వాయించాడు. అది ఏ సినిమాలోదీ కాదు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మర్నాడు బోట్లు మళ్ళీ నీళ్ళలోకి తోస్తూ మా నాన్నతో సహా అందరూ నన్ను తిట్టుకున్నారు. క్షమాపణ చెప్పమన్నారు. చెప్పలేదు, ఇప్పటికీ చెప్పను.

ఇప్పుడు నెల్లూరులో ఉంటున్నాను. సభల్లో చదవమని పిలుస్తారు. మెత్తటి కుర్చీలు, ఏసీ, ‘చాలా బాగా రాశారు మేడమ్’ అనే మాట అన్నీ ఉంటాయి. గాలి తిరిగిందని చదివితే ఒక్కరూ కదలరు. అయినా ఆ వాక్యం దగ్గరికి రాగానే తలెత్తి వెనకవరస వైపు చూస్తాను, ఎవరైనా లేచి పరిగెడతారేమోనని. అంతగా నమ్మినవాళ్ళు నాకు మళ్ళీ దొరకలేదు. నిర్వాహకులు టైమైందని చెయ్యి చాచినప్పుడు మాత్రం, నెరిసిన జుట్టుతో కూడా, మైకు గట్టిగా పట్టుకునే ఉంటాను.