నర్సమ్మల బేసిను

మధ్యాహ్నం రోగుల గంజి పంపకం ముగిసిందంటే చాలు, మెదకు దవాఖానలో ఆడవార్డు వెనక వసారాలోకి పెద్ద పింగాణీ బేసిను ఒకటి వచ్చి కూర్చునేది. నర్సులూ ఆయాలూ ఇంటి నుంచి ఏం తెచ్చుకుంటే అది అందులో కుమ్మరించేవారు. కూర పక్కన పులుసు, దాని మీద పచ్చడి, ఆపైన జొన్నరొట్టె ముక్కలు. ఇక అందరి చేతులూ అందులోనే. ఈ పద్ధతి ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. షరతు మాత్రం అందరికీ కంఠోపాఠం. ముందు తినాలి, ఏమిటని తర్వాతే అడగాలి.

కౌడిపల్లి దగ్గరి పటేలు ఇంటి ఆడపడుచు రాజమణి మొదటిరోజు ఆ బేసినులోకి తొంగిచూసి కొయ్యబారిపోయింది. శంకరంపేట నర్సు ఎలిశిబా తెచ్చిన నత్తల కూర నల్లగా మెరుస్తోంది. ఆ పక్కన ఆయా సిద్దమ్మ తెచ్చిన నల్ల. మేకను కోసినప్పుడు నెత్తురు పట్టి, గడ్డకట్టించి, ఉల్లిగడ్డలేసి వేయించింది. ఇంకో మూల ఎండు తునకల పులుసు. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అంటారు గదా, ఇక్కడ జిహ్వలన్నీ ఒక్క బేసిను చుట్టూ చేరాయి. రాజమణికి రోత పుట్టింది. కానీ అంతకు మించి ఆశ్చర్యం వేసింది. ఆడవాళ్లు ఒకరి ముద్ద ఒకరు లాక్కుంటూ, పగలబడి నవ్వుకుంటూ తినడం ఆమె పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

డాక్టరు దొరసాని కూడా ఒక పండుగకు తన వంతు ఇచ్చింది. డబ్బాలో నల్లటి లేహ్యం, రొట్టెకు రాసుకుని తినేదట. సిద్దమ్మకు అది గడ్డలకు పూసే మందులా కనిపించింది. పోయి ఒక ముసలాయన వీపు మీది కురుపుకు దట్టంగా పట్టించింది. ఆ కురుపు పగిలి మానింది కూడా! "దొరసాని తినే తిండి మస్తు మందు" అని సిద్దమ్మ కనిపించినవాళ్లందరికీ ఒట్టేసి చెప్పేది.

రాజమణి మాత్రం వసారా చివర గోడవైపు తిరిగి, తను వండుకున్న పిడికెడన్నం తానే తినేది. ఆమెకు పెళ్లంటే ఏమిటో తెలిసేలోపే మొగుడు కలరా గత్తరలో పోయాడు. అప్పటినుంచి పుట్టింట్లో వెనకగది ఆమె లోకం. పటేళ్ల మీద తిరగబడ్డ సంగపోళ్ల భయానికి అన్న వెంకట్రాములు పటేలు ఊరు విడిచి సంసారంతో మెదకులో కిరాయి ఇంట్లో దిగినప్పుడు, వదినను చూపించడానికి ఈ దవాఖానకు వచ్చింది. తెల్లబట్టల్లో చకచకా తిరిగే ఆడవాళ్లను చూసి ఆమె కళ్లు చెదిరాయి. నేనూ ఈ పని నేర్చుకుంటానని బతిమాలింది. ఇంట్లో ఒక నోరు తగ్గుతుందని వదిన సరేనంది. వండుకునేది వేరుగా వండుకో, ఎవరి చేతిదీ ముట్టకు అని అన్న ప్రమాణం చేయించుకున్నాడు. కొన్నాళ్లకు వాళ్లు ఊరికి తిరిగిపోయారు, ఆమె దవాఖానలోనే ఉండిపోయింది.

పెద్దనర్సు నవోమి ఆమెను చాలారోజులు చూసీ చూడనట్టు ఊరుకుంది. వానాకాలం పోయేనాటికి కొత్తవాళ్లలో ఎవరికి నర్సు టోపీ ఇవ్వాలో, ఎవరిని ఇంటికి పంపాలో తేల్చేది ఆమే. ఒకరోజు కట్లుగుడ్డలు మడతపెడుతూ మెల్లగా అంది.

"బిడ్డా, నీ చెయ్యి మంచిగుంటది. కానీ ఆపరేషన్ల ఎలిశిబా కత్తెర అందిస్తె నువ్వు కండ్లు మూస్కోని అందుకోవాలె. ఆమె ముద్ద ముట్టనోల్లు ఆమె చెయ్యినెట్ల నమ్ముతరు?"

రాజమణి ఇంకో గుడ్డ తీసి మడతపెట్టింది. టోపీ రాకపోతే మళ్లీ ఆ వెనకగదే.

అది పందొమ్మిది వందల నలభై ఎనిమిది వానాకాలం. ఒకపక్క రజాకార్లు, ఒకపక్క సంగం. దెబ్బలు తిన్నవాళ్లు బండ్ల మీద వచ్చి పడుతున్నారు. మంచం మీద పడ్డాక ఎవడైనా పేషంటే అని నవోమి ఎవరి పేరూ ఊరూ అడగనిచ్చేది కాదు. ఇండియన్ యూనియన్ పటాలాలు వస్తున్నాయన్న వార్తతో బజారు మూతపడింది. చేగుంట వైపు నుంచి గింజల బండి ఒక్కటీ రాలేదు. ఉన్న బియ్యం రోగుల గంజికే చాలడంలేదు.

అయినా బేసిను ఖాళీగా ఉండేది కాదు. వాన వెలిసిన ఒక సాయంత్రం పుట్టల్లోంచి ఉసిళ్లు లేచాయి. ఎలిశిబా బేసినులో నీళ్లు పోసి దాని పైన కందిలి వేలాడదీసింది. చూస్తుండగానే వసారా అంతా రెక్కలే! వెలుతురు చుట్టూ గిరగిర తిరిగి జలజలా నీళ్లలో రాలుతున్నాయి. వాటిని ఎండబెట్టి, వేయించి, రెక్కలు చెరిగి, ఉప్పూ కారం చల్లి మర్నాడు పంచింది. ఆకాశం నుంచి రాలిన తిండిని మనుషులు తినడం చూసి రాజమణి నోరు తెరిచింది గానీ, తినడానికి కాదు. ఆకలి రుచెరగదంటారు. పటేళ్ల ఆకలికి రుచి సంగతేమో గానీ కులం మాత్రం బాగా తెలుసు.

ఆమె పిడికెడన్నం అరపిడికెడైంది, తర్వాత అదీ అయిపోయింది. ఒక పొద్దున తొడ చీరుకుపోయిన మనిషికి కట్టు మారుస్తుంటే ఆమె కళ్లు చీకట్లు కమ్మాయి. ట్రేతో సహా కింద పడింది. నవోమి ఆమెను లేపి కూర్చోబెట్టి, నెత్తి నిమిరింది.

"బాటలు తెరిస్తె మీ అన్నకు కబురంపుత. ఇంటికి పో బిడ్డా. గిట్లయితె నువ్వూ బతుకవు, పేషంటూ బతుకడు."

మరునాటికి బేసినులో వేయడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదని సాయంత్రమే తెలిసిపోయింది. రాజమణి లేచి వంటింటి వెనక్కి పోయింది. అక్కడ చింతపండు కొట్టి పారేసిన గింజల కుప్ప ఉంది. గంపెడు ఏరుకొచ్చి వేయించింది, రోట్లో దంచి పొట్టు తీసింది, రాత్రంతా నానబెట్టి పొద్దున ఉడకబెట్టింది. మధ్యాహ్నం ఉప్పూ కారం కలిపి మొదటిసారి తన చేత్తో బేసినులో పోసింది.

షరతు ప్రకారం అందరూ ముందు తిన్నారు. తర్వాత సిద్దమ్మ అడిగింది.

"ఏందిది పటేలమ్మ? మాంసం లెక్క మెత్తగున్నది."

"చింతగింజలు."

"పటేలు ఇంటి బిడ్డవు, నీకు గీ వంటెట్ల తెల్సు?"

"గింజల కొట్టానికి మా వదినె తాళం ఏస్తది. ముండమోసిందానికి ఒంటిపూట చాలంటది. అందరు తిన్నంక మిగిలితె ఆ పూట, లేకుంటె అదీ లేదు. చింతగింజలకు ఎవ్వరు తాళమెయ్యరు గద. గవ్వే వండుకోని తిన్న."

నత్తలు తిన్నవాళ్లు, నెత్తురు వేయించుకున్నవాళ్లు, ఉసిళ్లు పట్టినవాళ్లు, ఆ ఆడవాళ్లందరూ చేతిలో ముద్ద చేతిలోనే ఉంచుకుని ఆమెను చూశారు. ఆరు అరకల సేద్యం ఉన్న ఇంట్లో ఒక పిల్ల ఇలా బతికిందా అని. ఎలిశిబా కళ్లు తుడుచుకుంది. "కరువుల మా అవ్వ గూడ గిన్ని తిప్పలు పడలే" అంటూ ఆ ముద్దను కళ్లకద్దుకుని నోట్లో పెట్టుకుంది. తన సిగ్గును ఒకరు ప్రసాదంలా తింటారని రాజమణి కలలో కూడా అనుకోలేదు.

పటాలాలు వచ్చాయి, బాటలు తెరుచుకున్నాయి. కబురందిన వెంకట్రాములు బండిలో జంపఖానా పరిపించుకుని దిగాడు. ఆయన వసారాలోకి వచ్చేసరికి చెల్లెలు బేసిను ముందు కూర్చుని ఉంది. ఎలిశిబా డబ్బా అడుగున మిగిలిన ఉసిళ్లను పేలాల్లో కలుపుతోంది.

"లే రాజమణీ. ఇంటికి పోదాం పా. గీల్ల నడ్మ కూసున్నవేంది?"

ఆమె లేవలేదు.

"ఆ ముద్ద గిన నోట్ల పెట్టినవో, మల్ల మా గడప తొక్కద్దు."

"అన్నా, మన గడప లోపట నేనేం తిన్ననో నువ్వెన్నడన్న అడిగినవా?" ఆమె చేత్తో బేసినును చూపింది. "గదే ఈల్లకు పెట్టిన. కండ్లకద్దుకోని తిన్నరు."

రాజమణి చెయ్యి చాచింది. ఎలిశిబా ఒక క్షణం నవోమి ముఖం చూసి, దోసెడు ఉసిళ్ల పేలాలు ఆ చేతిలో పోసింది. ఏమిటని అడగకుండా రాజమణి నోట్లో వేసుకుంది. కరకరలాడాయి. కమ్మగా ఉన్నాయి. నములుతూనే ఏడ్చేసింది.

బండి ఖాళీగానే తిరిగిపోయింది. ఆమె గేటు వైపు చూస్తూ ఇంకా కూర్చునే ఉంటే నవోమి వచ్చి చెంబుతో నీళ్లు అందించింది.

"చెయ్యి కడుక్కో బిడ్డా. తొడ చీరుకపోయినాయన పుండు సాపైంది, గిప్పుడు కుట్లెయ్యాలె. ఎలిశిబా కత్తెర అందిస్తది, నువ్వు నా పక్కన నిలబడు."