వంగని జమ్ము

ముత్యాలయ్య రేకు డబ్బా కొట్టి జిట్టంగి పిట్టల్ని తరిమేస్తున్నాడని మా వీధిలో పుట్టిన మాట ఇందుకూరుపేట దాకా పోయింది. డబ్బా కొట్టడం నిజమే. తరమడం మాత్రం శుద్ధ అబద్ధం.

ముత్యాలయ్యది జమ్ము కోసే పని. మా కాలవ పక్క మడుగులో పెరిగే జమ్మును కోసి, ఎండబెట్టి, కొట్టాలకూ పందిళ్లకూ కప్పు వేస్తాడు. చలికాలం రాగానే ఎక్కడో ఉత్తరాది నుంచి పసుపు పొట్ట జిట్టంగులు దిగుతాయి. పగలంతా దుక్కిలో తోకలాడిస్తూ పురుగులేరుకుని, పొద్దుగూకే వేళకు గుంపులుగా వచ్చి ఆ జమ్ములోనే నిద్ర చేస్తాయి. నేను కాపురానికొచ్చిన కొత్తలో అవి వాలితే జమ్ము వంగి నీళ్లకు ఆనేది. వంగింది కప్పుకు పనికిరాదు గనక ముత్యాలయ్య నాన్న దాన్ని గొడ్ల చావిళ్లలో పరచడానికి ఇచ్చేసేవాడు. ఏటేటా పిట్టలు తగ్గి, ఆ వంగడమూ తగ్గుతూ వచ్చింది. పురుగుమందులని కొందరు, రొయ్యల గుంటలని కొందరు అంటారు. ఇప్పుడు మడుగంతా సూదుల్లా నిలబడి ఉంది.

జమ్ము నిటారుగా ఉంటే లాభం ముత్యాలయ్యకే కదా, అందుకే పొలంలో పురుగులేరే పిట్టల్ని తరుముతున్నాడని రైతులు తీర్మానించుకున్నారు. మడుగును వేరేవాళ్లకిస్తామని పెద్దరైతు కామాక్షయ్య గారు అతన్ని పదిమందిలో నిలబెట్టి చెప్పేశారు. ఆ ఇంటికి మరో బతుకుతెరువు లేదు. అయినా ముత్యాలయ్య తలొంచుకుని విన్నాడే గానీ నోరు విప్పలేదు.

నాకు ఊరుకోబుద్ధి కాలేదు. కోడలు వద్దంటున్నా వినకుండా, కళ్లారా చూద్దాం రమ్మని కామాక్షయ్య గారిని వెంటబెట్టుకుని సాయంత్రం మడుగుకు పోయాను. ముత్యాలయ్య మడుగు పక్కనున్న రొయ్యల గుంట గట్టు మీద ఉన్నాడు. కాకులూ కొంగలూ రొయ్యల్ని ఎత్తుకుపోకుండా గుంట మీద అడ్డంగా సన్నని దారాలు కట్టి ఉన్నాయి. మసక వెలుతురులో అవి కంటికి ఆనవు. పొలాల నుంచి జిట్టంగులు బాగా కిందుగా ఎగురుతూ వచ్చాయి. ముత్యాలయ్య డబ్బా మోగించాడు. గుంపంతా పైకి లేచి, దారాలు దాటి, జమ్ములో దిగింది. ఒకటి మాత్రం చిక్కుకుంది. అతను మొలలోతు నీళ్లలో దిగి, దాని కాలివేళ్లు ఒక్కొక్కటే విడిపించి వదిలాడు. అంత ఓపికగా నేను నా మనవరాలికి జడ కూడా వెయ్యలేదు.

కామాక్షయ్య గారు జమ్ము నువ్వే కోసుకోమని చెప్పి వెళ్లిపోయారు.

నేను అడగకుండా కదిలేదాన్నా?

"ఏమయ్యా, పదిమందిలో నిలబెట్టినప్పుడే ఈ మాట చెప్పుంటే నీ సొమ్మేం పోయేది?"

అతను తడి పంచె పిండుకుంటూ అన్నాడు. "ఏమని చెప్పేదక్కా? ఆ దారాలు కట్టింది నేనే. పిట్టలు ఆ ఎత్తులోనే వస్తాయని తెలిసే కట్టినాను, కూలి దొరికిందని."